నలభై సెకన్ల తప్పు

మా ఆఫీసులో లిఫ్టు చెడిపోతే దాని తలుపు మీద "లిఫ్టు చెడిపోయింది" అని రాయకూడదు. "మెట్లెక్కడం ఆరోగ్యానికి మంచిది" అని రాయాలి. ఈ నియమం పెట్టినాయన మా డైరెక్టరు. హాల్లో గోడకి పెద్ద బోర్డు కూడా ఆయనే పెట్టించాడు. దాని మీద "ఈ ఏడాది లోపాలు" అని రాసి, కింద లైట్లతో వెలిగే తలకాయంత సున్నా, లోపం నమోదైతే దానంతటదే మారేది. రోజూ పొద్దున్నే వచ్చి, ఆ సున్నా ఇంకా సున్నాగానే ఉందని చూసుకుని, అప్పుడు తన గదిలోకి వెళ్తాడు. అందుకని మేమందరం ఆయన్ని చాటుగా సున్నాగారు అంటాం. ఎదురుపడితే మాత్రం సార్ అనే అంటాం.

సున్నాగారి తర్వాత మేనేజరు. సార్ తానా అంటే ఈయన తందానా అంటాడు కాబట్టి ఈయన పేరు తందాన. చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. వెన్నెముక ఉంది. ఆఫీసుకి వచ్చేటప్పుడు ఇంట్లో పెట్టి వస్తాడు.

ఇక నేను, సర్వర్లు చూసుకునేదాన్ని. నర్సింగు కాలేజీల్లో సీట్లిచ్చే ప్రవేశాల కార్యాలయం ఒకటుంది. దాని వెబ్‌సైటు నడిపే పని మా సంస్థది. ఏడాదిలో పదకొండు నెలలు ఆ వెబ్‌సైటు మొహం ఎవరూ చూడరు. పన్నెండో నెలలో లక్షమంది ఒక్కసారిగా మీద పడతారు. నేను జీతం తీసుకునేది ఆ ఒక్క నెల కోసమే.

"రోజంతా ఆ పెట్టెల ముందు కూర్చుని ఏం చేస్తావే?" అని మా అమ్మ ఒకసారి అడిగింది. అమ్మకి చెప్పినట్టే మీకూ చెబుతాను.

"అసలు వంటగది ఒకటుంటుందమ్మా. జనమంతా అక్కడికే ఎగబడితే తొక్కిసలాట. అందుకని ఊరంతా కౌంటర్లు పెడతారు. జనం కౌంటరు దగ్గరికొస్తారు. కౌంటరువాడు వంటగదిలోంచి తెప్పించి వాళ్ళకిస్తాడు. ఆ కౌంటర్లన్నిటినీ కలిపి సీడీఎన్ అంటారు. వంటగదిని ఒరిజిన్ సర్వర్ అంటారు."

"మరి వంటగదిలో పొయ్యి ఆరిపోతే?"

"అందుకే ఇప్పుడు ఇంకో రెండు వంటగదులు కడుతున్నాను. ఇది ఆరిపోతే అది, అదీ ఆరిపోతే ఇంకోటి."

"ఒకటి సరిగ్గా చూసుకోలేకేనా, మూడు?" అంది అమ్మ.

ఆ మాట పక్కన పెడితే పని బాగానే చేశాను. రెండు బ్యాకప్ సర్వర్లనీ వేరువేరు భవనాల్లో పెట్టాను. ఒకదాని కరెంటు ఇంకోదానికి సంబంధం లేదు, నెట్ లైన్లూ అంతే. కౌంటరువాడికి సొంత బుర్ర ఉండదు కాబట్టి వాడికి ఒకే ఒక నియమం నేర్పాను: అసలు సర్వర్ నోరు తెరిచి "నా వల్ల కాదు" అంటే వెంటనే బ్యాకప్ దగ్గరికి పో. సర్వర్ల భాషలో ఆ మాటకి అంకె 503. "అంతా బాగుంది" అనే మాటకి అంకె 200. వాడు చూసేది ఆ అంకె ఒక్కటే, ప్లేటులో ఏముందో చూడడు. ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా అసలు సర్వర్‌ని ఆపి చూశాను. నలభై సెకన్లలో కౌంటర్లన్నీ బ్యాకప్ వైపు తిరిగాయి. గడియారం చేత్తో పట్టుకుని లెక్కపెట్టాను. పదకొండేళ్ళ ఉద్యోగంలో అంత సంబరం నాకు ఎప్పుడూ కలగలేదు.

ఆ సంబరం చాలనట్టు సున్నాగారు ప్రారంభోత్సవం పెట్టించాడు. ఎప్పుడో ప్రమాదం వస్తే తప్ప పని లేని యంత్రానికి ప్రారంభోత్సవం ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. సర్వర్ బీరువాకి అడ్డంగా రిబ్బను కట్టారు, ఆయన కత్తిరించాడు, పద్దెనిమిది నిమిషాలు మాట్లాడాడు. ఆ వీడియోని వెబ్‌సైటులో పెట్టమన్నాడు. తందాన పెట్టాడు. మొదటి దాంట్లో సార్ జుట్టు చెదిరి ఉందని రెండోది, రెండోదాంట్లో చప్పట్లు సరిగ్గా వినిపించలేదని మూడోది. ఇలా తొమ్మిది వీడియోలు అసలు సర్వర్‌లో చేరాయి. పాతవి తీసేద్దామంటే, అన్నిటిలోనూ సార్ ఉన్నారు కదా అన్నాడు.

అసలు ముప్పు వేరే మీటింగులో పుట్టింది. సర్వర్‌లో ఏదైనా తేడా వస్తే జనానికి కనబడే పేజీ ఒకటుంటుంది. "క్షమించండి, లోపం ఏర్పడింది, కాసేపాగి ప్రయత్నించండి" అని రాసి ఉండేది. సున్నాగారు దాన్ని తెర మీద వేయించి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"క్షమించమని ఎవర్ని అడుగుతున్నాం? ఎందుకడగాలి?"

"ఎందుకడగాలి సార్," అన్నాడు తందాన.

ఆ పేజీ మీద మూడు మీటింగులయ్యాయి. మొదటి దాంట్లో "క్షమించండి" పోయింది. రెండోదాంట్లో "లోపం" పోయింది. మూడోదాంట్లో "కాసేపాగి ప్రయత్నించండి" కూడా పోయింది, మనకి చేతకాదేమో అని జనం అనుకుంటారట. చివరికి మిగిలింది ఇది: "ధన్యవాదాలు. మీ అభ్యర్థన మాకు చేరింది." పక్కన పచ్చ టిక్కు. పైన పటారం లోన లొటారం.

"చేరలేదు కదా సార్," అన్నాను.

"చేరుతుంది కదమ్మా, సర్వర్ బాగయ్యాక."

అది కూడా నేను మింగేదాన్నేమో. కానీ ఆయన ఇంకో ముక్క చేర్చాడు. ఆ పేజీ వెళ్ళేటప్పుడు 503 అని వెళ్తే హాల్లో బోర్డు మీద లెక్క పడుతుంది. కాబట్టి 200 అని వెళ్ళాలి. "అలా చేస్తే బ్యాకప్‌కి పిలుపే వెళ్ళదు సార్. అసలు సర్వర్ చచ్చిపడి ఉన్నా అంతా బాగుందని చెబుతూనే ఉంటుంది," అన్నాను. ఒక్కసారే అన్నాను. గట్టిగా అనలేదు. ఆయన గోడవైపు చూశాడు, తందాన ఆయనవైపు చూశాడు. మీటింగు నోట్సులో నా మాట "ఒక సభ్యురాలు సంతృప్తి వ్యక్తం చేశారు" అని వచ్చింది. ఆ సాయంత్రమే కూర్చుని, ఆ పేజీని 200 అని పంపే లైను నా చేత్తో నేనే రాశాను. పచ్చ టిక్కుకి మంచి రంగు కూడా ఏరి పెట్టాను. నెలనెలా పరీక్ష జరిగేది. నడుస్తున్న సర్వర్‌ని ఆపకూడదని సార్ ఆజ్ఞ కాబట్టి తందాన వచ్చి "బ్యాకప్ ఉందా?" అని అడిగేవాడు, నేను "ఉంది" అనేదాన్ని, ఆయన కాగితం మీద గీత పెట్టుకునేవాడు.

మా ఇంట్లో మేం ముగ్గురం ఆడవాళ్ళం. అమ్మ, నేను, చెల్లి. చెల్లి ముసలివాళ్ళని చూసుకునే కేంద్రంలో సహాయకురాలు. పక్కలు మార్చడం, ఒళ్ళు తుడవడం, మందులిచ్చే నర్సమ్మ వెనకాల ట్రే పట్టుకుని నడవడం దాని పని. ట్రే వెనకాల పట్టుకునే మనిషిగా కాక ముందు నడిచే మనిషిగా ఉండాలని మూడేళ్ళుగా ప్రవేశ పరీక్ష రాస్తోంది. మొదటి ఏడు నాలుగు మార్కుల్లో పోయింది. రెండో ఏడు పరీక్ష రోజున జ్వరం. ఈ ఏడు మంచి ర్యాంకు వచ్చింది. వచ్చే ఏడాదికి దానికి ముప్ఫై నిండుతాయి, ముప్ఫై నిండినవాళ్ళ దరఖాస్తు తీసుకోరు. కాబట్టి ఇదే ఆఖరు, ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు. పైకి మాత్రం ఎవరం అనలేదు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి ఆఖరి విడత సీట్లు పెట్టారు. పన్నెండు లోపల వెబ్‌సైటులోకి వెళ్ళి "ఖాయం చేసుకుంటున్నాను" అని నొక్కాలి. నొక్కనివాళ్ళ సీట్లు మంగళవారం నాడు తర్వాతి ర్యాంకువాళ్ళకి పోతాయి. చెల్లికి ఎనిమిది నుంచి నాలుగు దాకా షిఫ్టు, ఆ వేళల్లో ఫోన్లు లాకర్లో పెట్టాలి. పదింటికి టీ తాగడానికి పది నిమిషాలు వదులుతారు. "అప్పుడు నొక్కేస్తాలే అక్కా, మీ వెబ్‌సైటేగా, రెండు నిమిషాల పని," అని పోయింది.

పదీ ఆరుకి నా ఫోనుకి దాని దగ్గర్నుంచి కబురొచ్చింది. "అయిపోయిందక్కా. సీటు మనదే." కింద స్క్రీన్‌షాట్.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ బొమ్మ పెద్దది చేసి చూశాను. సీటు నిజంగా ఖాయమైతే ఎనిమిది అంకెల నంబరు వస్తుంది. ఇందులో నంబరు లేదు. ధన్యవాదాలు ఉన్నాయి, పచ్చ టిక్కు ఉంది. ఆ పేజీ లోకంలో ఎవరికైనా కనబడిందంటే సర్వర్ పడిపోయిందని అర్థం.

నా ముందున్న తెర మీద అంతా పచ్చగా ఉంది. ఉండదా మరి, ఉండమని చెప్పింది నేనే. లోపలికి వెళ్ళి చూస్తే డిస్కు నిండిపోయి ఉంది. తొమ్మిది ప్రారంభోత్సవాలు కూర్చుని ఉండగా పొద్దున జనం మీద పడేసరికి మిగిలిన చోటు కాస్తా అయిపోయింది. తొమ్మిదీ ఇరవై నుంచి అక్కడ ఒక్క సీటూ ఖాయం కాలేదు. వచ్చినవాళ్ళందరికీ ధన్యవాదాలు చెప్పి పంపిస్తోంది. బ్యాకప్ సర్వర్లు రెండూ రెండు భవనాల్లో ఏ పనీ లేకుండా కూర్చున్నాయి. వీడియోలు తీసి పారేశాను. చోటు వచ్చింది గాని, సగం రాసి ఆగిపోయిన ఫైళ్ళు పాడైపోయి ఉన్నాయి. అవి బాగుచెయ్యాలంటే రెండు గంటల పని.

సున్నాగారి గదికి వెళ్ళాను. లోపల ప్రవేశాల కార్యాలయం నుంచి వచ్చిన కంట్రోలరుగారు టీ తాగుతున్నాడు. ఏడాదిపాటు లోపం లేకుండా నడిపినందుకు మమ్మల్ని మెచ్చుకోవడానికి వచ్చాడట. సార్‌ని బయటికి పిలిచాను. వెనకే తందానా వచ్చాడు.

"అసలు సర్వర్ పడిపోయింది సార్. తొమ్మిదీ ఇరవై నుంచి."

"తెర మీద పచ్చగానే ఉందిగా."

"పచ్చగా ఉండమని మనమే నేర్పాం సార్ దానికి."

"అయితే బ్యాకప్ ఏమైంది? రిబ్బను కత్తిరించానుగా."

"దానికి కబురు వెళ్ళట్లేదు. ఇది పడిపోయానని ఒప్పుకుంటేనే వెళ్తుంది. ఆ పేజీ లైను తీసేస్తే నలభై సెకన్లలో మారిపోతుంది. ఆ నలభై సెకన్లూ మాత్రం లోపం కింద లెక్కలో పడతాయి."

ఆయన హాల్లో బోర్డువైపు ఒకసారి, గదిలో టీ తాగుతున్న కంట్రోలరువైపు ఒకసారి చూశాడు.

"వేరే దారి లేదా?"

"ఉంది. దీన్నే బాగుచెయ్యాలి. పన్నెండు దాటిపోతుంది. జనానికి సీట్లు పోతాయి సార్."

"ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"చెయ్యలేదు సార్," అన్నాడు తందాన.

"మరింకేం. బాగుచెయ్యమ్మా. కంగారు పడకు," అని సున్నాగారు లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఫిర్యాదు ఎవడు చేస్తాడు, అందరికీ ధన్యవాదాలు చెప్పి పంపిస్తుంటే.

ఇక్కడ నా గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. నేను వచ్చి కూర్చుని, చెప్పినట్టే ఆ ఫైళ్ళు బాగుచెయ్యడం మొదలుపెట్టాను. సొంత చెల్లెలి సీటు పోతోందని తెలిసి కూడా ముప్పావు గంట చెప్పిన పని చేశాను. పదకొండేళ్ళ అలవాటు అంటే అదీ. పదకొండు దాటి మూడు నిమిషాలకి ఫోను మళ్ళీ తీశాను. "సీటు మనదే" అన్న మాట చూశాను. ఆ లైను చెరిపేసి, పాత "క్షమించండి" పేజీ తిరిగి పెట్టాను.

అసలు సర్వర్ రెండు నెలల్లో మొదటిసారి నిజం చెప్పింది. నా వల్ల కాదంది. నలభై సెకన్లకి బ్యాకప్ అందుకుంది. తెర మీద నంబర్లు రావడం మొదలైంది, ఎవరెవరివో సీట్లు ఒక్కొక్కటీ ఖాయమవుతున్నాయి. హాల్లో బోర్డు సున్నా పోయి ఒకటి పడింది. ఎవరో కుర్చీ జరుపుకుని లేచి నిలబడ్డారు.

కానీ నా చెల్లి తన పని అయిపోయిందనుకుంటోంది. ఫోను లాకర్లో ఉంది. దాని బదులు నేను నొక్కుదామంటే రహస్య నంబరు దాని ఫోనుకే వస్తుంది. కేంద్రం ఆఫీసుకి ఫోన్ చేశాను. సూపర్‌వైజరమ్మ ఎత్తింది.

"షిఫ్టులో ఉన్నవాళ్ళని పిలవమండీ."

"చాలా అవసరమండీ. పన్నెండు లోపల మాట్లాడాలి."

"ఇంట్లో ఎవరైనా పోయారా?"

రెండు నెలలుగా ఒక యంత్రం చేత లక్షమందికి అబద్ధం చెప్పించడానికి సిద్ధపడినదాన్ని, అవునండీ పోయారు అని ఒక్క ముక్క అనలేకపోయాను. అమ్మ మొహం కళ్ళ ముందు కనబడింది. "లేదండీ," అన్నాను.

"అయితే పన్నెండున్నరకి భోజనానికి వదిలినప్పుడు చెబుతాను," అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే లైను కలవలేదు. బస్సెక్కి పోదామన్నా గంట పైనే. పన్నెండు కొట్టింది. కుడితిలో పడ్డ ఎలుకలా కూర్చున్నాను.

సాయంత్రం అది నవ్వుకుంటూ వచ్చింది. సూపర్‌వైజరమ్మ "మీ అక్క ఫోన్ చేసింది, ఎవరూ పోలేదట" అని చెప్పిందట. నేను అభినందించడానికి చేశాననుకుంది. ఈ నెలాఖరుకి మానేస్తున్నానని అక్కడ చెప్పేసి కూడా వచ్చింది. మంచాలమీది ముసలివాళ్ళు ఒక్కొక్కళ్ళూ చెయ్యి పట్టుకుని దీవించారట. అది చెప్పుకుపోతుంటే నేను చెప్పులు కూడా విప్పకుండా నిలబడి విన్నాను.

"నీ సీటు ఖాయం కాలేదే," అన్నాను.

"టిక్కు వచ్చింది కదక్కా. నీకు పంపానుగా."

"ఆ టిక్కు ఉత్తది. సర్వర్ పాడైతే వచ్చే పేజీ అది."

"పాడైతే పాడైందని రావాలి గదా. ధన్యవాదాలని ఎందుకొస్తుంది?"

"అలా రావాలని మా సార్ అన్నాడు. నేను రాశాను."

అది తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చేతిలో సంచీ కింద పెట్టి, పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది, కేంద్రం నుంచి వచ్చాక రోజూ కడుక్కున్నట్టే, మోచేతుల దాకా. తర్వాత తుడుచుకుంటూ అంది: "నంబరు రాలేదేమిటా అని నాకూ అనిపించిందక్కా. మీ ఆఫీసుది కదా, తప్పుండదులే అని రెండోసారి చూడలేదు."

అమ్మ అంతా విని నావైపు తిరిగింది. "జరిగింది జరిగినట్టు పైవాళ్ళకి చెప్పు."

"చెబితే నా ఉద్యోగం పోతుందమ్మా."

"నీకు ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది. దానికి వయసు పోతే ఇంకోటి రాదు," అంది అమ్మ.

శుక్రవారం ఆఫీసుకి వెళ్ళేసరికి ప్రవేశాల కార్యాలయం ప్రకటన వచ్చి ఉంది. వెబ్‌సైటులో లోపం ఏర్పడిన సమయంలో ప్రయత్నించినవారికి మరో అవకాశం ఇస్తారట. లోపం ఎంతసేపు అని వాళ్ళు మమ్మల్ని అడిగారు. మేం రికార్డు చూసి చెప్పాం, నలభై సెకన్లు. ఆ నలభై సెకన్లలో వచ్చినవాళ్ళు ఏడుగురు. ఆ ఏడుగురూ "లోపం" అని కనబడగానే నిమిషం ఆగి మళ్ళీ నొక్కి సీట్లు తెచ్చుకున్నారు. వాళ్ళకే ఇప్పుడు మరో అవకాశం. పచ్చ టిక్కు చూసి ఇంటికి పోయిన ఆరువందల పన్నెండు మందికి లోపమే జరగలేదు, వాళ్ళకి అంతా బాగుందని రికార్డులో ఉంది. ధన్యవాదాలు కూడా అందాయి.

సున్నాగారు నా ముందు ఒక కాగితం పెట్టాడు. "నేను తొందరపాటుతో చేసిన మార్పు వల్ల నలభై సెకన్ల లోపం ఏర్పడింది. అంతకుముందు సర్వర్ సక్రమంగా పనిచేసింది." కింద సంతకానికి చోటు.

"సంతకం చెయ్యమ్మా. మందలింపుతో వదిలేస్తాను. పదకొండేళ్ళుగా చేస్తున్నావు, నీ పొట్ట కొట్టడం నాకిష్టం లేదు."

"నిన్న పొద్దున్న తొమ్మిదీ ఇరవై నుంచి పడిపోయి ఉంది కదా సార్. మీకు చెప్పాను కూడా."

"రికార్డులో లేదు."

"లేదు సార్," అన్నాడు తందాన. కానీ నా మొహం చూడలేక కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

కాగితం చదువుకుని సంతకం చేస్తానని తీసుకుని బయటికి వచ్చాను. దాని వెనకవైపే నాకు తెలిసింది రాశాను. సర్వర్ ఎప్పుడు పడిపోయింది, ఎందుకు పడిపోయింది, పడిపోయినా బాగున్నానని ఎందుకంది, అలా అనే లైను ఏ రోజున ఎవరు రాశారు. ఎవరు అన్నచోట నా పేరు రాసి కింద సంతకం చేశాను. ఆ ధన్యవాదాల పేజీ బరువు, అంటే అందులోని అక్షరాల లెక్క, ఎప్పుడూ ఒకటే, ఒక్క అక్షరం తేడా ఉండదు. అందుకని రికార్డు ఎంత పచ్చగా ఉన్నా, అంతే బరువున్న పేజీ ఎవరెవరికి వెళ్ళిందో ఏరడం తేలిక. ఆ ఆరువందల పన్నెండు మంది జాబితా తీసి జత చేశాను. బస్సెక్కి స్వయంగా కంట్రోలరుగారి ఆఫీసుకి తీసుకెళ్ళాను. బెంచీ మీద రెండు గంటలు కూర్చోబెట్టారు.

ఆయన మొత్తం చదివాడు. వెనక్కి తిప్పి సున్నాగారి వైపు కూడా చదివాడు.

"ఈ లైను మీరే రాశారా?"

"నేనేనండీ."

"తెలిసే రాశారా?"

"తెలిసే రాశాను."

"నిన్న మీ సార్‌ని బయటికి పిలిచింది దీనికేనా? నేను లోపల ఉన్నప్పుడు?"

"దీనికేనండీ."

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. కాసేపు ఆలోచించాడు. ఆరువందల పన్నెండు మంది గురించి ఆలోచిస్తున్నాడనుకున్నాను.

"అప్పుడు నేను అక్కడ ఉన్నానని ఇందులో ఎక్కడా రాయలేదు కదా?"

"లేదండీ."

"రాయకండి," అని కలం తీసి, సోమవారం తొమ్మిది నుంచి పన్నెండు దాకా జాబితాలో ఉన్నవాళ్ళందరికీ గడువు ఇస్తున్నట్టు అక్కడే రాసి సంతకం పెట్టాడు. నేను లేచి దణ్ణం పెట్టాను. ఏ కారణం చేత చేసినా చేశాడు, అది చాలు నాకు.

శనివారం నా ఉద్యోగం పోయింది. సంస్థ చరిత్రలో తొలి లోపానికి బాధ్యురాలినని ఉత్తరంలో రాశారు. పదకొండేళ్ళలో నేను చేసిన ఒకే ఒక సరైన పని వాళ్ళ లెక్కలో ఒకే ఒక తప్పు. నా సొరుగులో సామాను సంచీలో వేసుకుని హాల్లోకి వస్తే ఒకతను నిచ్చెనెక్కి బోర్డు మారుస్తున్నాడు. "ఈ ఏడాది" అన్న మాట తీసేసి "ఈ వారం" అని అతికించాడు. కింద మళ్ళీ సున్నా. తందాన గేటు దాకా వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "మంచి పని చేశారమ్మా," అన్నాడు. రెండడుగులు వెనక్కి వేసి, "నేనన్నానని ఎవరితోనూ అనకండి," అన్నాడు. ఉన్న మాటంటే ఉలుకెక్కువని ఊరికే అనలేదు, కానీ ఆ మనిషి తన సొంత మాటకే ఉలిక్కిపడటం అక్కడే చూశాను.

సోమవారం చెల్లి సెలవు పెట్టింది. తొమ్మిదింటికి మంచం మీద ఒక పక్క అమ్మ, ఒక పక్క నేను, మధ్యలో ఫోను పట్టుకుని అది. పేజీ తెరుచుకుంది. కాలేజీ పేరు చూసుకుంది, తన పేరు అక్షరం అక్షరం చూసుకుంది, నొక్కింది. తెర రెండు సెకన్లు తెల్లగా ఉండిపోయి ఎనిమిది అంకెల నంబరు వచ్చింది. అది కూడా నేను ఎప్పుడో రాసిన పేజీయే. సీటు లోపల రాసుకున్నాకగాని ఆ నంబరు బయటికి రాదు, ఆ సంగతి నా కంటే తెలిసినవాళ్ళు లేరు.

"అయిపోయిందే," అన్నాను. "ఈసారి నిజంగా అయిపోయింది."

అది ఆ నంబరు ఒక కాగితం మీద రాసుకుంది. రాసింది తెరతో సరిచూసుకుంది.

"వచ్చేసింది అంటున్నానుగా. నాకు తెలుసు."

"ఉండక్కా," అంది. కోపం లేదు దాని గొంతులో, మామూలుగానే అంది. "ఒకసారి కాలేజీకి ఫోన్ చేసి కనుక్కుంటాను."

చాలాసేపటిదాకా అటు ఎవరూ ఎత్తలేదు. ఇది విసుక్కోకుండా చేస్తూనే ఉంది. చివరికి ఎవరో ఆవిడ పలికింది. చెల్లి కాగితం చూసి ఒక్కో అంకె చదివి, తన పేరు చెప్పి, మీ జాబితాలో ఉందో లేదో చూడమంది. ఆవిడ ఉందంది. "మీరు చూసే చెబుతున్నారా అండీ?" అని అడిగింది. చూసే చెబుతున్నానని ఆవిడ రెండోసారి అన్నాక ఫోను పక్కన పెట్టి, అమ్మవైపు తిరిగి, అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. నేను అవతలి పక్కన కూర్చుని ఉన్నాను.